ఒక సీరియలూ, రెండు కిలోల లడ్డూలూ

పోయిన నెల సమావేశంలో మన సంపాదకులవారు "వంటలూ యాత్రలూ చాలా అయిపోయాయి, ఈసారి టీవీలో చూసినవాటి మీద ఎవరైనా రాయండి" అన్నారు. నేరపరిశోధన సీరియళ్ళ విషయంలో మన సంఘంలో మాకు కొంచెం పేరుంది కనుక అందరూ మావైపే తిరిగారు. కాదనలేకపోయాం. ఇందులో "మేము" అంటే మేమిద్దరం. కలం పట్టింది ఒకరే, కాని రెండోవారు వంటింట్లోంచి వచ్చి ప్రతి పేజీ చదివి, కొట్టేయవలసినవి కొట్టేసి వెళ్తున్నారు. కాబట్టి ఇందులో ఎక్కడైనా క్లుప్తత కనిపిస్తే అది ఎవరి చలవో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పిచ్చి మాకు టీవీతో రాలేదు, పుస్తకాలతో వచ్చింది. తెనాలిలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకొని, డిటెక్టివ్ యుగంధర్ వెనకా అసిస్టెంట్ రాజు వెనకా రాత్రుళ్ళు తిరిగినవాళ్ళం. ఆ పుస్తకాలకు తరచు ఆఖరి పేజీ ఉండేది కాదు. ఎవరో మహానుభావుడు చింపుకుపోయేవాడు. అందుచేత హంతకుడెవరో మేమే తేల్చుకునే అలవాటు చిన్నప్పుడే పడింది. తరువాత 1985లో దూరదర్శన్‌లో కరంచంద్ వచ్చాడు, క్యారెట్లు కొరుక్కుంటూ. 1993లో బాసు చటర్జీ తీసిన బ్యోమ్‌కేశ్ బక్షీ వచ్చింది. రజిత్ కపూర్ పంచెకట్టుతో, గొంతు పెంచకుండా కేసులు విప్పుతుంటే పెద్దమనిషి తరహా డిటెక్టివ్ అంటే ఇలా ఉండాలనుకున్నాం.

1996లో దమ్మాం వచ్చాం. ఇక్కడి పాతకాపులు చెప్పేవారు, ఈ ప్రాంతంలో టీవీ మొదలైందే నూనె కంపెనీవాళ్ళతో అని. నిజమే, ధహ్రాన్‌లో అరాంకో సొంత టీవీ కేంద్రం 1957లోనే పెట్టింది. ప్రభుత్వ టీవీ వచ్చింది 1965లో. 80ల్లో ఇక్కడ గడిపినవాళ్ళది వీడియో క్యాసెట్ల కాలం. మేము వచ్చేసరికి డాబాల మీద డిష్‌లు మొలిచాయి. సినిమా హాళ్ళు మాత్రం లేవు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో ఒకటి తెరిచేవరకూ ఈ దేశంలో మాకు ముందుగదే సినిమాహాలు, సోఫాయే బాల్కనీ టిక్కెట్టు. 1998లో సోనీలో సీఐడీ మొదలైంది. ఏసీపీ ప్రద్యుమన్ వేళ్ళు తిప్పితే సగం కేసు తేలిపోయేది, దయా తలుపు బద్దలు కొడితే మిగతా సగం. చెంపమీద ఒకటి తగిలితే హంతకుడు మొత్తం కథంతా తనే చెప్పేసేవాడు. అమ్మాయి 2002లో పుట్టింది. అన్నం తినిపించడానికి ఆ సీరియలే మాకు సాయం.

ఇంత వంశచరిత్ర ఎందుకు చెబుతున్నామంటే, చెంపదెబ్బతో కేసు తేలిపోతుందనే నమ్మకం మాకు ఎంత లోతుగా పాతుకుపోయిందో మీకు తెలియాలి.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఏం జరిగిందో మళ్ళీ రాయనక్కరలేదు. ఆ పశువైద్యురాలికి పోలీసులు పెట్టిన పేరు దిశ. మనలో హైదరాబాదులో దిగేవాళ్ళందరికీ ఆ ప్రాంతం కొత్త కాదు. మా బావగారు ప్రతి ఏడూ మమ్మల్ని విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళేది ఆ చుట్టుపక్కల రోడ్డు మీదుగానే. అక్కడ ఒక ఆడపిల్ల స్కూటర్ ఆపుకుని నిలబడి ఉండడం మా కళ్ళకు కట్టింది. ఆ వారం మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అప్పటికి అమ్మాయి పన్నెండో తరగతి. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళు పన్నెండుతో ఆగిపోతాయి. ఆ తరువాత పిల్లల్ని దేశం పంపడమే మన ఆనవాయితీ. మా అమ్మాయిని హైదరాబాదు పంపాలని ఎప్పుడో అనుకున్నాం. హాస్టళ్ళ వివరాలు కూడా తెప్పించాం.

మన సంఘంలో కొందరం ఒక ఇంట్లో చేరి, కొవ్వొత్తులు వెలిగించి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. మౌనం అయిపోయాక మాటలు మొదలయ్యాయి. అందరమూ అన్నది ఒక్కటే మాట: "ఇక్కడి చట్టం అక్కడ ఉంటేనా!" గల్ఫ్‌లో ఉన్న ప్రతి తెలుగువాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అన్నవాడే. మేమూ పాతికసార్లు అన్నాం. ఇన్నేళ్ళు ఇక్కడుండి ఇక్కడి చట్టం గురించి మాకు తెలిసింది ఏమీ లేదని తరువాత అర్థమైంది. ఇక్కడా విచారణ ఉంటుంది, పై కోర్టులుంటాయి. హత్య కేసుల్లో హతుడి వారసులు క్షమిస్తే దియా పుచ్చుకుని ప్రాణం నిలబెట్టే దారీ ఉంటుంది. ఆ దారి కోసం ఏళ్ళ తరబడి జైల్లో ఎదురుచూసిన మనవాళ్ళూ ఉన్నారు. అవేవీ మాకు పట్టలేదు. మాకు కావలసింది చెంపదెబ్బ.

డిసెంబరు 6, శుక్రవారం. సెలవు రోజు కదా, ఆలస్యంగా లేచాం. ఫోన్లు అప్పటికే మోగి మోగి ఊరుకున్నాయి. తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర, నేరం జరిగిన తీరు చూపించమని తీసుకెళ్ళిన చోట, నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లుతున్న వీడియో వచ్చింది. మేము ఆ వీడియో ఎంతమందికి పంపామో లెక్కలేదు. జుమ్మా నమాజు అయ్యి దుకాణాలు తెరవగానే సీకో దగ్గరి మిఠాయి కొట్టుకు వెళ్ళి రెండు కిలోల లడ్డూలు తెచ్చాం. మెట్లెక్కుతూ ఒక్కొక్క తలుపూ తట్టి పంచాం. మూడో అంతస్తు మలయాళీ మాస్టారొకాయన మాత్రం లడ్డూ చేతిలో పెట్టుకుని, "ఎవరికి పెళ్ళి?" అని అడిగారు. విషయం చెబితే తలూపి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు వేసుకోవడం మాకు కాస్త గుచ్చుకుంది. "ఆయనకు ఆడపిల్లల్లేరు" అని సరిపెట్టుకున్నాం.

ఇక అసలు సీరియల్ సంగతి.

2020 మార్చి 20, అది కూడా శుక్రవారమే, తెల్లవారుజామున 5:30కి తీహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగురినీ ఉరితీశారు. ఇక్కడ అప్పటికే విమానాలు ఆగిపోయాయి, మసీదుల్లో జుమ్మాలు ఆగిపోయాయి. లడ్డూలు తెచ్చే పరిస్థితి లేదు. ఏప్రిల్ 6 నుంచి దమ్మాంకు 24 గంటల కర్ఫ్యూ వచ్చింది. అమ్మాయి పరీక్షలు సగంలో ఆగిపోయాయి. ముగ్గురం నాలుగు గోడల మధ్య, బియ్యం డబ్బా వంక చూస్తూ కూర్చున్నాం. ఒక సాయంత్రం అమ్మాయి, "మీ ఇద్దరికీ పోలీసు కథలు ఇష్టం కదా, ఇది చూద్దాం" అని పెట్టింది. నెట్‌ఫ్లిక్స్‌లో 'ఢిల్లీ క్రైమ్'. 2019 మార్చి 22న విడుదలైంది, ఏడు భాగాలు. అప్పటికి ఏడాదైనా మేము చూడలేదు. తెలిసిన కథే కదా, హంతకులెవరో తెలిసిపోయాక చూసేదేముంటుంది అనుకున్నాం.

హిందీ మాకు ఇక్కడి బఖాలాల్లో, టాక్సీల్లో అబ్బినదే. అయినా మొదటి భాగంలో మాటలు అర్థం కావలసిన అవసరమే రాలేదు. చలిరాత్రి రోడ్డు పక్కన ఇద్దరు పడి ఉంటారు. దక్షిణ ఢిల్లీ డీసీపీ వర్తికా చతుర్వేది నిద్రలోంచి లేచి ఆసుపత్రికి వెళ్తుంది. ఆ పాత్ర షెఫాలీ షా వేసింది. అసలు కేసు పరిశోధన నడిపిన ఛాయా శర్మగారిని దృష్టిలో పెట్టుకుని ఆ పాత్ర తయారైంది. డాక్టరు గాయాల వివరాలు ఒక్కొక్కటే చెబుతూంటే ఆవిడ వింటుంది. అంతే, వింటుంది. కెనడాలో పెరిగిన దర్శకుడు రిచీ మెహతా ఆ బస్సులో జరిగింది ఒక్కసారి కూడా చూపించడు. మన సినిమాల్లో అయితే అదే ముందు చూపిస్తారు, మూడు కోణాల్లోంచి, వాన కూడా పెట్టి. ఇక్కడ మాకు కనిపించింది వినేవాళ్ళ మొహాలు. షెఫాలీ షా కళ్ళు పెద్దవి. ఆ కళ్ళు ఏడవకుండా నిలబడడానికి పడే పాట్లు చూస్తుంటే మనకే ఊపిరాడదు.

ఆవిడ (మా ఇంటి ఆవిడ) మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. కాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని, నిలబడే మిగతా భాగం చూసింది. అమ్మాయి మాత్రం కదలకుండా కూర్చుంది. ఇలాంటివి మా ముందు చూడడం దానికేమీ ఇబ్బందిగా లేదు. ఇబ్బందంతా మాదే.

తరువాతి భాగాల్లో పోలీసు పని నడుస్తుంది. యుగంధర్‌లాగా సిగరెట్ వెలిగించి ఆలోచించడం కాదు, గానుగెద్దు పని. హోటల్ కెమెరాలో తెల్లబస్సు ఒకటి కనపడుతుంది, మీద 'యాదవ్' అని రాసి ఉంటుంది. ఢిల్లీలో తెల్లబస్సులు ఎన్ని! వాటిలో దాన్ని పట్టుకోవాలి. పోలీస్ స్టేషన్లో కరెంటు పోతూంటుంది. సిబ్బంది ఇళ్ళకు పోకుండా అక్కడే పడి ఉంటారు. పేరు చదవగానే బస్సు దొరికేస్తుందని మేము నిక్కచ్చిగా అనుకున్నాం. ఇలాంటి ఊహలు మాకు బాగా అలవాటు కదా. దొరకడానికి వాళ్ళెంత తిరిగారో చూసి నోరుమూసుకున్నాం. నిజంగా జరిగింది కూడా అదే. 2012 డిసెంబరు 16న నేరం జరిగితే 21వ తేదీకి ఆరుగురూ దొరికారు. ఒకణ్ణి రాజస్థాన్‌లో, ఒకణ్ణి బీహారులో పట్టుకొచ్చారు.

ఆ రాత్రి మేము చూసిన భాగంలో మొదటి నిందితుడు నోరు విప్పుతాడు. ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టర్ భూపేంద్ర సింగ్‌గా రాజేశ్ తైలంగ్ నటించాడు. పెళ్ళీడు కూతురున్న తండ్రి ఆ పాత్ర. నిందితుడు ఏ భయమూ, ఏ సిగ్గూ లేకుండా, పొలంలో పని చేసొచ్చినవాడు చెప్పినట్టు, ముందు ఇది చేశాం, తరువాత అది చేశాం అని చెప్పుకుపోతాడు. పశ్చాత్తాపం లేదు సరే, తను చేసింది సబబే అన్న ధీమా ఒకటి. రాజేశ్ తైలంగ్ మొహంలో ఏం జరుగుతుందో మాటల్లో పెట్టడం మా తరం కాదు. ఒక నటుడు ఇంత తక్కువ కదిలి మనల్ని ఇంత కదిలించడం మేము ఎస్వీ రంగారావు తరువాత అరుదుగా చూశాం. (ఈ వాక్యం రెండోవారు కొట్టేశారు. మేము మళ్ళీ రాశాం.)

ఆ క్షణంలో మాకు ఏమనిపించిందో దాచకుండా చెప్పాలి. కాల్చెయ్, అనిపించింది. గట్టిగానే అన్నాం కూడా. "ఇంకా ఏం వింటున్నావయ్యా, కాల్చెయ్!" అని సోఫాలోంచి లేచి అన్నాం. గుమ్మం దగ్గరనుంచి రెండోవారు "అవును" అన్నారు.

అమ్మాయి రిమోట్ నొక్కి ఆపింది. తెర మీద ఆ ఇన్‌స్పెక్టర్ మొహం అలాగే నిలిచిపోయింది. కర్ఫ్యూ కదా, వీధిలో కారు చప్పుడు కూడా లేదు. ఏసీ ఒకటే మోగుతోంది.

"నాన్నా, ఆ నలుగుర్ని కాల్చినప్పుడు మనం లడ్డూలు పంచాం. వాళ్ళే చేశారని మనకెలా తెలుసు?" అంది.

"వాళ్ళు ఒప్పుకున్నారు కదమ్మా."

"ఎవరి దగ్గర?"

"పోలీసుల దగ్గర."

"ఇతనూ పోలీసుల దగ్గరే ఒప్పుకున్నాడు. మరి వీళ్ళు ఇంకా బట్టలూ, బస్సూ, రక్తం మరకలూ అంటూ ఎందుకు తిరుగుతున్నారు?"

మాకు జవాబు తెలియదు. పాతికేళ్ళు నేరపరిశోధన కథలు చదివి, చూసి, ఇంత చిన్న విషయం మాకు తెలియదు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే, 25వ సెక్షన్‌లో, ఆ మాట ఉంది. 2024 జూలైలో ఆ చట్టం పోయి కొత్త చట్టం వచ్చినా ఈ నియమం మాత్రం పోలేదు. ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే చెల్లుతుంది. తెల్లవాడి కాలంలోనే ఈ నియమం ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. చెంపదెబ్బకు ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారు. మేమిద్దరం సీఐడీ చూస్తూ ఇరవై ఏళ్ళు చప్పట్లు కొట్టింది దానికే.

"అయితే వాళ్ళు చేయలేదంటావా?" అని ఆవిడ కాస్త కోపంగానే అడిగింది.

"చేసే ఉండొచ్చమ్మా. నేను అడిగింది మనకెలా తెలుసని."

తరువాత అమ్మాయి ఇంకో మాట అంది. అది రాయాలా వద్దా అని మేమిద్దరం రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. "లడ్డూలు పంచాక మీరు నా హాస్టల్ మాట ఎత్తడం మానేశారు. వాళ్ళు చచ్చిపోయారని సంతోషపడ్డవాళ్ళు నన్ను పంపడానికి ఎందుకు భయపడుతున్నారు?" అంది.

నిజమే. డిసెంబరు 6 తరువాత మేము హైదరాబాదు మాట ఎత్తలేదు. ఆన్‌లైన్‌లో చదివించొచ్చా, బెంగుళూరులో మా తమ్ముడింట్లో ఉంచొచ్చా, అసలు ఒక ఏడాది ఇక్కడే ఉంచుకుంటే ఏమవుతుంది అని రాత్రుళ్ళు గుసగుసలాడుకున్నాం. ఉంచుకోవడమూ తేలిక కాదు. కుటుంబసభ్యుల మీద 2017 జూలైలో నెలకు 100 రియాళ్ళతో మొదలైన రుసుము ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయింది. ఒక్కొక్కరికి ఏడాదికి 4800. ఆ లెక్క చూసే మనవాళ్ళు ఎన్ని కుటుంబాలను పంపించేశారో, విమానాశ్రయానికి సాగనంపిన మనకు తెలుసు. అయినా ఉంచుకుందామనే అనుకున్నాం. పైకి మాత్రం ఏమీ చెప్పలేదు. అమ్మాయి గమనించడం లేదనుకున్నాం. దానికీ డిటెక్టివ్ కథలంటే ఇష్టమేనని మరిచిపోయాం.

ఆ సీరియల్లో మమ్మల్ని ఆ గదికన్నా ఎక్కువ వెంటాడింది వర్తిక కూతురు. చాందినీ అని, మా అమ్మాయి ఈడుదే. ఈ ఊళ్ళో నేను ఉండను, కెనడా పోయి చదువుకుంటాను అంటుంది. తల్లేమో ఉండమని బతిమాలుతుంది. ఈ నగరాన్ని కాపాడే ఉద్యోగం చేస్తూ, సొంత కూతురికే ఈ ఊరు నీకు సురక్షితమని చెప్పలేకపోతే ఆ ఉద్యోగానికి అర్థమేమిటన్నది ఆవిడ బాధ. మా ఇంట్లో ఇది తిరగబడింది. పిల్ల మన ఊరు పోతానంటోంది, వద్దంటున్నది మేము. ప్రతి సమావేశంలో జన్మభూమి గురించి పాటలు పాడించేది మేమే. "ఇక్కడ ఎన్నాళ్ళున్నా మనది కాదు, పిల్లలకు మన నేల తెలియాలి" అని ఈ పత్రికలోనే వ్యాసం కూడా రాశాం. ఆ నేల మీద మా పిల్ల ఒక్కతే నడవాల్సి వచ్చేసరికి మాకు కాళ్ళాడలేదు.

ఆ రాత్రి ఇంకో భాగం చూడలేదు. ఎవరి గదిలోకి వాళ్ళం పోయాం. రెండున్నర వేళ ఆవిడ, "ఏవండీ, ఆ మాస్టారు లడ్డూ తిన్నారంటారా?" అంది. ఆవిడకూ నిద్రపట్టలేదని అప్పుడు తెలిసింది.

మిగిలిన భాగాలు మూడు రోజుల్లో పూర్తిచేశాం. సీరియల్ గొప్పదే, సందేహం లేదు. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సీరియల్ బహుమతి వచ్చింది. మన దేశపు సీరియల్‌కు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఐనా మాకు ఒక అసంతృప్తి ఉంది. కథంతా పోలీసుల వైపు నుంచే చెప్పారు. అప్పటి ఢిల్లీ పోలీసు కమిషనర్ నీరజ్ కుమార్‌గారి ప్రోత్సాహంతో మొదలైన పని కనుక అది సహజమే కావచ్చు. ఇండియా గేట్ దగ్గర చేరిన జనం, పత్రికలవాళ్ళు, అందరూ పనికి అడ్డం వచ్చేవాళ్ళలాగానే కనిపిస్తారు. ఆ జనం వల్లే కదా జస్టిస్ వర్మ సంఘం కూర్చుంది, 2013లో చట్టం మారింది. శంషాబాద్ కేసులో ఫిర్యాదు తీసుకోవడానికి ఇది మా పరిధి కాదని తాత్సారం చేశారని పోలీసులే ముగ్గురు సిబ్బందిని సస్పెండ్ చేశారు. వర్తికా చతుర్వేది లాంటి అధికారి ప్రతి స్టేషన్లోనూ ఉండదు. ఆవిడ లేని స్టేషన్ మీద కూడా ఎవరైనా సీరియల్ తీస్తే బాగుండును.

ఇంకో విషయం. సీరియల్ అరెస్టులతో ముగిసిపోతుంది. అసలు కేసు అక్కడే మొదలైంది. బాధితురాలు సింగపూర్ ఆసుపత్రిలో డిసెంబరు 29న కన్నుమూసింది. చనిపోయే ముందు ఆ పిల్ల ఇచ్చిన వాంగ్మూలాలు, డీఎన్ఏ పరీక్షలు, పంటి గాట్ల పోలికలు అన్నీ కోర్టులో నిలబడ్డాయి. 2013 సెప్టెంబరులో కింది కోర్టు, 2014 మార్చిలో హైకోర్టు, 2017 మేలో సుప్రీంకోర్టు తీర్పులిచ్చాయి. ఏడేళ్ళ మూడు నెలలు పట్టింది. ఆ ఏడేళ్ళూ ఆ తల్లి కోర్టు మెట్లెక్కుతూనే ఉంది. ఆలస్యం అన్యాయం కాదని మేమనలేం. అంతకాలం ఏ తల్లయినా ఎందుకు తిరగాలి? ఆ ఆలస్యం చూసి చూసే మనం చటాన్‌పల్లికి చప్పట్లు కొట్టాం. కాని ఢిల్లీ కేసులో ఎవరేం చేశారన్నది కాగితం మీద ఉంది. ఎప్పుడు ఎవరడిగినా చూపించొచ్చు. మా లడ్డూల కేసులో అలాంటి కాగితం ఏదీ రాలేదు.

వచ్చిన కాగితం ఇంకొకటి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘం నివేదిక 2022 మే 20న బయటపడింది. అదీ శుక్రవారమే! ఈ కథకు శుక్రవారాలు ఎందుకు పట్టుకున్నాయో తెలియదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని ఆ నివేదిక. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా రాశారు. అమ్మాయి అప్పటికి హైదరాబాదులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. అవును, పంపాం. 2020లో వందే భారత్ విమానం ఒకదానిలో, మొహానికి ప్లాస్టిక్ తెర తగిలించి, చేతిలో శానిటైజర్ పెట్టి పంపాం. నివేదిక వచ్చిన రోజు అది ఆ వార్త లంకె ఒక్కటి పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

మేమూ ఏమీ రాయలేదు. 2019లో ఆ వీడియో పంపిన వాళ్ళందరికీ ఈ వార్త పంపాలని ఫోన్ తీశాం. పేర్ల జాబితా చాలా పొడుగ్గా ఉంది. సగం పేర్లు మన సంఘంవే. ఒకరిద్దరికి పంపి ఆపేశాం. ఒకాయన "ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ" అన్నారు. రెండోవారు జవాబివ్వలేదు. ఆ పైన జరిగిన సమావేశంలో ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు, మేమూ తేలేదు. ఆ బాకీ ఇప్పుడు ఈ పేజీల్లో తీరుస్తున్నాం. సంపాదకులవారు సరదాగా ఏదో రాస్తామనుకుని ఉంటారు, క్షమించాలి.

మూడో అంతస్తు మాస్టారు 2021లో ఎగ్జిట్ మీద కేరళ వెళ్ళిపోయారు. సామాన్లు కిందికి దించడానికి సాయం వెళ్ళినప్పుడు అడుగుదామనుకున్నాం, ఆ రోజు ఏమనుకున్నారని. అట్టపెట్టెలకు టేపు వేస్తూ ఆయనే, "మీ అమ్మాయి ఎలా ఉంది, హైదరాబాద్ నచ్చిందా?" అని అడిగారు. బాగుందని చెప్పాం. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

సీరియల్ రెండో భాగం 2022 ఆగస్టులో వచ్చింది. అమ్మాయి హాస్టల్లో స్నేహితురాళ్ళతో చూసేసింది. మేము ఇంకా చూడలేదు. విజిట్ వీసా మీద అది వచ్చినప్పుడు ముగ్గురం కలిసి చూద్దామని ఉంచాం. ఇంతలో దానికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. వారంలో మూడు రోజులు రాత్రి 11 దాకా పని. కంపెనీ కారు ఇంటి దగ్గర దింపుతుంది. దిగి, తాళం తీసి, లోపలికి వెళ్ళాక "రీచ్‌డ్" అని ఒక్క మాట పంపాలి. ఒప్పందం అది. మనకూ వాళ్ళకూ రెండున్నర గంటల తేడా కదా, ఇక్కడ ఇషా బాంగు వినిపించిన కాసేపటికి మేము ఫోన్ బల్లమీద పెట్టుకుని కూర్చుంటాం. కారు ఎక్కడుందో మ్యాపులో నీలం చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్క ఏదైనా సిగ్నల్ దగ్గర ఆగితే మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి.

ఈ పేజీ రాస్తున్నప్పుడు ఇక్కడ 9 గంటల 5 నిమిషాలు. చుక్క కొండాపూర్ దగ్గర ఆగి ఉంది. ఆవిడ టీవీ గొంతు తగ్గించింది. రొట్టెల పిండి అలాగే పళ్ళెంలో ఉంది.

9:12. చుక్క కదిలింది.

9:20కి "రీచ్‌డ్" వచ్చింది. కింద ఇంకో లైను: "నాన్నా, వ్యాసం అయిందా? ముందు నాకు పంపు." పంపుతున్నాం. ఆవిడ రొట్టెలు చేయడానికి లేచింది.